తెల్లచీర కొంగు

మార్కాపురంలో మా మేనత్త దగ్గర నేను కుట్టుపని నేర్చుకున్నాను. ఆమె మిషను వయసులో ఆమె కంటే పెద్దది. మిషనుకు నూనె వేసినాక ఎవరైనా ముందు ఒక పాతగుడ్డ కుట్టి చూస్తారు. అత్త మాత్రం ఆదివారం చర్చికి కట్టుకునే తన తెల్లచీర కొంగు పెట్టేది.

"పాతగుడ్డయితే భయముండదు పాపా. భయముంటేనే శుభ్రంగా తుడుస్తాం. ఊరోళ్ల బట్ట మీద పడే మరక ముందు నా చీర మీద పడనీ," అనేది. ఒక్కసారీ పడలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గడ్డం కొంచెం పైకి లేచేది.

ఒక శనివారం ఆ పని నాకు అప్పజెప్పింది. సూది కిందుండే షటిల్ విప్పి, పాత బ్రష్షుతో పీచు దులిపి, కిరసనాయిలుతో జిడ్డు తుడిచి, నూనె వేసినాను. సూదిలో దారం ఎక్కించి, "అయిపోయింది అత్తా," అన్నాను. ఆమె వంగి కూడా చూడలేదు. నేరుగా చీర తెచ్చి, కొంగు సూది కింద పెట్టి తొక్కింది. నాలుగు కుట్లకే నల్లటి చుక్క పడింది. నాకు ఏడుపొచ్చింది.

మరుసటిరోజు చర్చికి అదే చీర కట్టింది. కొంగు తలమీద కప్పుకుంటే మరక సరిగ్గా నుదుటి పైకొచ్చింది. మడిచి దాచుకోలేదు.

"ఏంది వదినా ఆ మరక?" అని పక్కనున్నామె అడిగింది.

"మా మేనకోడలు మొదటిసారి మిషను విప్పి, తనే నూనె వేసింది," అన్నది అత్త, గడ్డం పైకెత్తి.

మిషనూ చీరా ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. నూనె వేసిన ప్రతిసారీ ఆ కొంగే సూది కింద పెడతాను. ఇన్నేళ్లకూ దానిమీద ఒకటే మరక.