ప్రభు బల్ల మీద ముప్పై కప్పులు

మస్కట్‌లో మా అక్క నాకు పెట్టిన షరతు ఒక్కటే. ఆ డాన్సు మానెయ్, తర్వాతే నా గడప తొక్కు అంది.

అక్క అక్కడ ఆసుపత్రిలో నర్సు. నేను అదే ఊళ్లో ఒక హోటల్లో క్యాబరే డాన్సర్ని. పదిహేడేళ్లకే నరసాపురం నుంచి ఒక రికార్డింగ్ డాన్సు ట్రూపుతో వెళ్లిపోయాను. ఏళ్ల తరబడి బొంబాయి హోటళ్లలో ఆడి, చివరికి కాంట్రాక్టు మీద ఒమాన్ చేరాను. డెబ్బైల మధ్యలో మస్కట్‌కి రోడ్లూ హోటళ్లూ అప్పుడప్పుడే వస్తున్నాయి. కంపెనీల దొరల ముందు వారానికి ఐదు రోజులు ఒంటి మీద బట్టలు ఒక్కొక్కటే తీసేదాన్ని. సిగ్గు వేయలేదా అని అడుగుతారు. సిగ్గు మొదటి ఏడాదిలోనే అయిపోయింది. మిగిలింది నడుంనొప్పి.

అమ్మ పోయాక నాకంటూ ఉన్నది అక్క ఒక్కతే. తను ఇక్కడే ఉందని తెలిసి నర్సుల క్వార్టర్స్‌కి పరుగెత్తితే, గేటు దగ్గర తోటి నర్సుకి నన్ను "మా ఊరి పిల్ల" అని చెప్పింది. అక్క నోట "మా చెల్లి" అనిపించుకోవాలి, అంతే. నాకింకే కోరికా లేకుండా పోయింది.

వేరే పని ఇప్పించమని మేనేజర్ని అడిగితే పగలబడి నవ్వాడు. నేను ఏడవలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. విసిగిపోయి బార్ కౌంటర్ వెనక్కి పంపాడు. అక్కడ పెద్ద బార్‌మన్ గోవా ఆయన, తాత వయసు. ఖాళీ సీసాల్లో నీళ్లు నింపి రెండు వారాలు నా చేత పోయించాడు. "హాథ్ మత్ దేఖో బేటీ, గ్లాస్ దేఖో," అనేవాడు, చేతిని కాదు, గ్లాసుని చూడమని. మూడో వారానికి కొలత కప్పు లేకుండానే పెగ్గుకి పెగ్గు సమానంగా దిగేది. మెడ దాకా బొత్తాలున్న తెల్ల చొక్కా, పాదాల దాకా నల్ల స్కర్టు. నా డాన్సుకి ముందు వరసలో కూర్చున్నవాళ్లే కౌంటర్ దగ్గరికొచ్చి గ్లాసు అందుకునేవాళ్లు. ఒక్కడూ గుర్తుపట్టలేదు. ముఖం ఎప్పుడైనా చూస్తే కదా!

డాన్సు మానేశానని, ఇప్పుడు బార్లో పోస్తున్నానని అక్కకి చెప్పాను. అక్క నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"అది మాత్రం మంచి పనేంటే? సర్లే, ఒంటి నిండా బట్టన్నా ఉంది. ఎవరన్నా అడిగితే హోటల్లో పనండీ అని ఊరుకో. అంతకు మించి నోరు విప్పకు. శుక్రవారం ప్రార్థనకి వచ్చెయ్."

అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మన తెలుగు క్రైస్తవుల ఆరాధన కూడా ఆ రోజే, క్వార్టర్స్‌లో ఒక పెద్ద గదిలో. ఆ వారం ప్రభు బల్ల, అంటే రొట్టె ముక్కా ద్రాక్షరసం కప్పూ పంచుకునే ఆరాధన, ఉందని మత్రా బజారుకెళ్లి తెల్ల చీర కొనుక్కున్నాను. అక్క నన్ను గుమ్మంలోనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, "మా చెల్లెలండి," అంది. ఒక్కసారి కాదు, వచ్చిన ప్రతివాళ్లతోనూ. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

వంటింట్లో పెద్ద నర్సమ్మ కప్పులు నింపుతోంది. ఆ ప్రార్థన నడిపేది ఆవిడే. ఎండుద్రాక్ష ఉడికించి వడగట్టిన రసం, చెక్క పళ్లెంలో బొటనవేలంత గాజు కప్పులు ముప్పై. ఆవిడ చెయ్యి వణికి పళ్లెమంతా ఒలుకుతోంది. "ఇలా ఇవ్వండమ్మా," అని కెటిల్ అందుకున్నాను. ముప్పై కప్పులూ ఒక్క గీత మీదికి నింపాను. చుక్క కింద పడలేదు.

ఆవిడ వంగి వరసంతా చూసింది. "ఎంత పొందిగ్గా పోశావమ్మా! ఎక్కడ నేర్చావు?"

పదిహేనేళ్లు జనం నన్ను చూసి ఈలలు వేశారు, నోట్లు విసిరారు. నా చేతి పనిని మెచ్చుకున్న మనిషి మాత్రం ఆవిడే. ఆ పొగడ్తకి ఒళ్లు తెలియలేదు.

"బార్లో చేత్తానండి. రోజూ పోసేదే," అన్నాను నవ్వుతూ.

ఆవిడ నా చేతిలోంచి కెటిల్ తీసి పక్కన పెట్టి, గుమ్మంలో ఉన్న అక్క వైపు తిరిగింది. "నీకు తెలుసా అమ్మా ఈ సంగతి?"

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తెలీదండి. వేరే ఆసుపత్రిలో ఆయాగా చేత్తున్నానని చెప్పిందండి నాతో."

నేను అక్క వైపు చూశాను. తను నన్ను చూడలేదు, తలుపు గడియ పట్టుకుని నిలబడింది. తను అంత భయపడటం నేనెన్నడూ చూడలేదు.

"అవునండి," అన్నాను. "అక్కకి అబద్ధం చెప్పాను."

పెద్ద నర్సమ్మ కప్పులన్నీ తొట్టిలో ఒంపేసి, సబ్బు పెట్టి కడిగి, ఉడికించిన గిన్నెలో మిగిలిన రసాన్ని తనే మళ్లీ పోసింది. ఒక్కో కప్పుకి సగం కూడా రాలేదు. నేను వరండాలో కూర్చుని పాటలు విన్నాను. అందరి గొంతుల్లోనూ అక్క గొంతు తెలుస్తూనే ఉంది. కోపం రాలేదంటే అబద్ధం. లోపలికెళ్లి అందరి ముందూ నిజం చెప్పేద్దామని రెండుసార్లు లేచి, మళ్లీ కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక అక్క ఒక్కతే బయటికొచ్చింది. నా పక్కన మెట్టు మీద కూర్చుని నా రెండు చేతులూ తన ఒళ్లోకి తీసుకుంది. వెక్కివెక్కి ఏడ్చింది.

"నన్ను కాపాడావే," అంది.

నేను తన భుజం మీద తల పెట్టుకున్నాను. ఎప్పుడో చిన్నప్పుడు పెట్టుకున్నాను, మళ్లీ అప్పుడే. కాసేపు అలాగే ఉండనిచ్చింది.

తర్వాత కొంగుతో నా ముఖం తుడిచి, "ఇంక రాకే," అంది.

నేను మళ్లీ ప్రార్థనకి వెళ్లలేదు. రెండేళ్ల తర్వాత అక్క ఇండియాకి తిరిగి వెళ్లిపోయిందని ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు.