టీవీలో చూపించని ఎనిమిదో మనిషి

మా పెదనాయన పోయాడు. మంగళవారం మధ్యాహ్నం, నాయుడుపేటలో నేను పనిచేసే బడికి మా ఊరి మనిషి వచ్చి కిటికీ దగ్గర నిలబడి చెప్పాడు. తెల్లవారి చేపల వేట నుంచి ఇంటికొచ్చి, గోడకు ఆనుకొని కూర్చున్నాడట. అంతే. సుద్దముక్క బల్ల మీద పెట్టి బయలుదేరాను. రెండు బస్సులు, ఆపైన పడవ. పులికాట్ సరస్సు మధ్యలో దీవి మాది. చావుకైనా పెళ్ళికైనా ఇదే ప్రయాణం. ఒడ్డు చేరేసరికి నాకు ఏడుపు కన్నా అలుపే ఎక్కువగా ఉంది.

మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. కొన్నేళ్ళ కిందట మద్రాసు టీవీలో, తుపానులో ఏడుగురిని కాపాడిన దీవి మనిషి అని చూపించారే, తలకు తువ్వాలు చుట్టుకొని తెడ్డు వేస్తున్న ఆ బక్కమనిషి మా పెదనాయనే. అందులో చూపించనిది చెబుదామని ఇది రాస్తున్నాను.

అసలు జరిగింది నేను పదో తరగతిలో ఉండగా. సంత నుంచి మనుషులతో వస్తున్న పడవ తుపాను గాలికి, సరస్సు సముద్రంలో కలిసే మొగ దాటి, సముద్రంలోకి కొట్టుకుపోయి తిరగబడింది. పెదనాయన, ఆయన తమ్ముడైన మా నాయన కలిసి మా పడవలో వెళ్ళారు. నాయన నీళ్ళలోకి దూకి ఒక్కొక్కరినీ అందిస్తుంటే పెదనాయన పైకి లాగాడు. ఏడో మనిషి ఎక్కాక ఒక అల వచ్చి నాయనను దూరంగా విసిరేసింది. పడవ అప్పటికే అంచుల దాకా మునిగి ఉంది. అటు తిప్పితే అందరూ పోతారు. పెదనాయన ఒడ్డు వైపు తిప్పాడు. నాయన శవం కూడా దొరకలేదు.

శవం దొరకకపోతే గడ్డిబొమ్మ చేసి దహనం చేయడం మాలో ఉంది. పెద్దలు అదే చెప్పారు. పెదనాయన ఒప్పుకోలేదు. "వాడు యాడో ఒక ఒడ్డున పడినాడు. వస్తాడు. నేను కాల్చను" అన్నాడు. దాంతో మా అమ్మ బతుకు ఎటూ కాకుండా పోయింది. బొట్టు పెట్టుకుంటే ఒకరు మూతి తిప్పేవారు, తీసేస్తే ఇంకొకరు తిట్టేవారు. ఆ కోపం నాకు ఆయన మీద చాలాకాలం ఉండేది. ఆయనేమో మా గడప తొక్కడం మానేశాడు. రోజూ తన చేపల్లో సగం తెచ్చి గడప బయట పెట్టి కేకేసి పోయేవాడు. "లోపలికి రా బావా" అని అమ్మ పిలిస్తే, "కాళ్ళు బురదమ్మా" అనేవాడు. ఆరేళ్ళ పాటు అదే మాట.

అప్పుడు వచ్చారు టీవీ వాళ్ళు. ఆనాటి సంగతి మళ్ళీ చేసి చూపించాలన్నారు. మొగ ఇవతల, నిమ్మళంగా ఉన్న నీళ్ళలో ఏర్పాటు. ఊరంతా తిరునాళ్ళే. మునిగిపోవాల్సిన ముసలమ్మలిద్దరు తలకు నూనె రాసుకొని, కనకాంబరాలు పెట్టుకొని వచ్చారు. "తుపానులో పూలేందమ్మా!" అని టీవీ ఆయన తల పట్టుకున్నాడు. "ఊరంతా సూస్తాది కదప్పా" అంది ఒకామె.

మా నాయన వేషం వేయడానికి మాత్రం ఒక్కరూ రాలేదు. పోయినోని పేరు మీద నీళ్ళలో దిగితే నీళ్ళు మనల్నీ పిలుస్తాయని మా వాళ్ళ నమ్మకం. చేసేది లేక టీవీ వాళ్ళు గడ్డితో మనిషిని కట్టారు. ఎవరూ అడగకుండానే అమ్మ పెట్టె తెరిచి నాయన చారల చొక్కా తెచ్చి ఇచ్చింది. ఎందుకమ్మా అంటే, "పెట్టెలో ఉండి ఏం చేస్తాండాది?" అంది.

పెదనాయన ఏడుగురినీ లాగి పడవ తిప్పాలి. తిప్పలేదు. గడ్డిమనిషి దగ్గరికి పోయి వాణ్ణీ ఎక్కించుకున్నాడు. మళ్ళీ చేయించారు. మళ్ళీ అంతే. నాలుగోసారీ బొమ్మ వైపే తెడ్డు వేశాడు. టీవీ ఆయన చెడ్డవాడేమీ కాదు, విసిగిపోయాడు. "పెద్దాయనా, అప్పుడు వదిలేసే కదా వచ్చింది? అట్లే రా" అన్నాడు.

"అప్పుడు గాలి సామీ. ఇప్పుడు గాలి లేదు కదా, ఎట్లా ఇడిసిపెట్టేది?" అన్నాడు పెదనాయన.

నీళ్ళోడుతున్న ఆ బొమ్మను భుజాన వేసుకొని ఒడ్డుకు దిగాడు. అది రేపటికి కావాలని టీవీ వాళ్ళు వెంటపడ్డారు. "రేపటికి ఉండదులే" అని తిన్నగా కాటికి నడిచాడు. తడిగడ్డి ఒక పట్టాన అంటుకోలేదు. కిరసనాయిలు పోసి ఆయనే నిప్పు పెట్టాడు.

ఆ ముక్క టీవీలో రాలేదు. పడవ ఒడ్డుకు తిరిగేది మాత్రం ఇంకెవరి చేతో తెడ్డు వేయించి అతికించారు. సూళ్ళూరుపేటలో ఎవరింట్లోనో కూర్చొని చూశాం. "అంతా కలిపి నేను తెడ్డేసినంతసేపు కూడా లేదే" అని నవ్వాడు పెదనాయన.

కాటి నుంచి వచ్చినవాళ్ళు పోయినవారి ఇంట్లో దీపం చూడాలి. బొమ్మను కాల్చిన ఆ సాయంత్రమే పెదనాయన స్నానం చేసి వచ్చి మా గడప ముందు ఆగాడు. కాళ్ళు చూసుకున్నాడు. "బురదైతే ఏం బావా, రా" అంది అమ్మ. లోపలికి వచ్చాడు. దీపం చూసి, "అలిసినానమ్మా. రోంతసేపు కూసుంటా" అని గోడకు ఆనుకొని కూర్చున్నట్టే నిద్రపోయాడు. అమ్మ ఎటూ కాని బతుకు ఆ రోజుతో తీరింది. నా కోపమూ పోయింది. ఆయనకు భార్యాబిడ్డలు లేరు, అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉన్నాడు. నన్ను చదివించింది ఆయన చేపలే. ఆ మాట ఆయనకు ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న శవం లేచాక ఇల్లు కడిగాం. అమ్మ మూలమూలలా నీళ్ళు కొట్టింది. గడప లోపల, మంగళవారం తెల్లవారి వేట నుంచి వచ్చిన ఆయన అడుగులు రెండు ఎండి ఉన్నాయి. వాటి దగ్గరికి వచ్చేసరికి చెంబు పక్కన పెట్టేసింది. పక్కింటామె చీపురు అందుకోబోతే, "బురదే కదా, ఉండనీ" అంది.