దిండు తల తిప్పాలి

పరుపుల మాస్టారికి కుక్కలంటే అస్సలు పడేది కాదు. ముప్పై ఏళ్ళుగా పరుపులు కుట్టి అమ్ముకునే మనిషికి కుక్క అంటే ఏం కనిపిస్తుంది చెప్పండి? బొచ్చు, తడి, వాసన. అలాంటాయన కొట్టు ముందు ఓ పొద్దున పాత కస్టమర్ ఒకాయన ఏడాది వయసున్న కోర్గీ కుక్కని దించి, "ఇల్లు మారుతున్నాం మాస్టారూ, అక్కడ కుక్కల్ని ఉండనివ్వరట. మీరే దిక్కు" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

మాస్టారు దాన్ని ఎగాదిగా చూశాడు. చూడ్డానికి అక్కడ పెద్ద ఎత్తేం లేదు లెండి. నక్క మొహం, చేటంత చెవులు, బారెడు ఒళ్ళు, జానెడు కాళ్ళు.

"ఇదేంటండీ, కాళ్ళ దగ్గరికొచ్చేసరికి సరుకైపోయిందా?" అన్నాడు.

అన్నాడే గానీ, అది వచ్చి ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంటే కాలు కదపలేకపోయాడు. రోజుకో దిండు కుట్టేంత బొచ్చు రాలుస్తోందని దానికి దిండు అనే పేరు పెట్టింది మాస్టారి భార్య. తిట్టుగా పెట్టిన పేరు వారం తిరక్కుండానే ముద్దుపేరైపోయింది.

ఆ కుక్క తీరే వేరు. కొట్లోకి నలుగురొస్తే నలుగుర్నీ మడమల దగ్గర మూతితో పొడుస్తూ ఒక మూలకి తోలేది. దాని తాతముత్తాతలు పశువుల్ని తోలిన జాతట. ఇక తిండి సంగతి అడక్కండి. పొద్దున్నే మాస్టారు పెట్టేవాడు, ఆయన పెట్టాడని తెలియక భార్య పెట్టేది, ఇద్దరూ మాడుస్తున్నారేమో అన్నంత దీనంగా మొహం పెడితే ఎదురు టీ కొట్టాయన బిస్కెట్లు వేసేవాడు. మూడు నెలలకి అది నిజంగానే దిండులా తయారైంది.

పశువుల డాక్టరమ్మ మొహమాటం లేకుండా చీవాట్లు పెట్టింది. "దీని వెన్ను పొడుగు, కాళ్ళు పొట్టి. భారమంతా వెన్ను మీదే పడుతుంది. తిండి కొలిచి పెట్టండి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి సమంగా పట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎత్తు మీంచి దూకనివ్వకండి."

మాస్టారు తిండి కొలిచాడు. టీ కొట్టాయనతో గొడవపడి మరీ బిస్కెట్లు మాన్పించాడు. ఎత్తుకోవడం నేర్చుకున్నాడు. మూడో మాట మాత్రం చెవిన పెట్టలేదు. ఎందుకంటే ఆ దూకుడే కొట్టుకి కళ తెచ్చింది. అయిదారు పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద ఒక పరుపు వేసి, దిండుని పైకెక్కించి, "దిండూ, హుప్!" అంటే చాలు, అది పైనుంచి ధబ్బున దూకి రెండుసార్లు ఎగిరేది. పిల్లలు చప్పట్లు, పెద్దలు నవ్వులు. "చూశారా మా స్ప్రింగు!" అని మాస్టారు మీసం దువ్వేవాడు.

"ఏవండీ, డాక్టరమ్మ ఏం చెప్పింది, మీరేం చేస్తున్నారు?" అని భార్య నెత్తీ నోరూ కొట్టుకునేది.

"నేల మీదికి దూకుతోందా ఏమిటే? నా పరుపు మీదికే కదా! నా పరుపు మీద పడితే గుడ్డు కూడా పగలదు."

అదీ ఆయన ధీమా. పరుపులు కుట్టేవాడు కాబట్టి వచ్చిన ధీమా. ఇంకెవరైనా అయితే కాస్త భయపడి ఉండేవాళ్ళు.

ఓ మధ్యాహ్నం ఒక జంట పిల్లలతో వచ్చింది. దిండు దూకింది. "మళ్ళీ, మళ్ళీ" అన్నారు పిల్లలు. మళ్ళీ దూకింది. మూడోసారి దూకినప్పుడు కుయ్యిమని ఒక్క కేక పెట్టి, ముందుకాళ్ళ మీద మాస్టారి వైపు పాక్కుంటూ వచ్చింది. వెనక కాళ్ళు గుడ్డపేలికల్లా ఈడ్చుకొస్తున్నాయి. పిల్లలు ఇదీ ఆటే అనుకుని చప్పట్లు కొట్టారు. సిగ్గుచేటు, ఓ క్షణం పాటు మాస్టారూ అలాగే అనుకున్నాడు.

ఆ పూటే ఆపరేషన్ చేసింది డాక్టరమ్మ. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళ పగిలి నరాన్ని నొక్కేసిందట. బయటికొచ్చి చెప్పింది: "చెయ్యగలిగింది చేశాను మాస్టారూ. ఇక నెల రోజులు చూద్దాం. రోజూ ఈ పట్టకారుతో వెనక కాలి వేలు గట్టిగా నొక్కండి. కాలు వెనక్కి లాక్కుంటే సంబరపడకండి, నొప్పి తెలియకపోయినా అది జరుగుతుంది. తల తిప్పాలి. అరవాలి, కరవాలి. అప్పుడు నడుస్తుందని ఆశ. నెలకీ తిప్పకపోతే ఇక నేను ఆశ చెప్పలేను."

మాస్టారు కొట్టు మూశాడు. దిండు పక్కనే నేల మీద పడుకున్నాడు. పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం, పొట్ట నొక్కి మూత్రం పోయించడం, తుడవడం, అన్నీ ఆయనే. భార్య చెయ్యి వేస్తానంటే కసిరేవాడు. "నేను చేసిన పాపం నన్ను కడుక్కోనీ" అనేవాడు. వేలు నొక్కడం దగ్గర మాత్రం పట్టకారు రెండుసార్లు కింద పెట్టి, మూడోసారికి నొక్కేవాడు. ప్రాణంగా చూసుకునేదాన్ని నొప్పించడం, అది ఏడవాలని కోరుకోవడం, ఇదేం ఖర్మ! వారం పోయింది. రెండు, మూడు వారాలు పోయాయి. కాలు లాక్కునేది, తల తిప్పేది కాదు.

ఇరవై ఎనిమిదో రోజు తిప్పింది!

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "ఏమేవ్! తిప్పిందే! ఇటు చూసిందే!" అని అరిచాడు. భార్య పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ తిప్పింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. మాస్టారు వీధంతా చాటి, టీ కొట్టాయన్ని కౌగిలించుకున్నాడు. నెల నిండిన రోజున దిండుకి స్నానం చేయించి మరీ, భార్యని కూడా వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టి పట్టకారుతో నొక్కింది. దిండు కిటికీ వైపు చూస్తోంది. ఇంకా గట్టిగా నొక్కింది. కిటికీ వైపే చూస్తోంది.

"ఇంట్లో మీరెలా నొక్కారో చూపించండి మాస్టారూ."

ఆయన పట్టకారు అందుకున్నాడు. "అయ్యో నా తల్లీ, నొప్పెట్టిందా బంగారం?" అంటూ నొక్కాడు. దిండు గిరుక్కున తల తిప్పింది, చెవులు నిక్కబొడుచుకుని.

భార్య తల దించుకుని, చాలా మెల్లగా అంది: "ఏవండీ, ఈసారి మాట్లాడకుండా నొక్కండి."

అప్పుడు అర్థమైంది ఆయనకి. పళ్ళు బిగబట్టి, నోరు మూసుకుని, బలమంతా పెట్టి నొక్కాడు. కాలు కాస్త కదిలింది. దిండు కిటికీలోంచి పావురాన్ని చూస్తోంది.

"చాలు మాస్టారూ" అంది డాక్టరమ్మ.

ఆయన వదల్లేదు. "నేనే చేశానే తల్లీ, నేనే నీ నడుం విరిచాను. కరవవే! నా చెయ్యి కొరికెయ్యవే, ఒక్కసారి" అని భోరుమన్నాడు.

గొంతు వినగానే దిండు ఇటు తిరిగింది. మెడ చాచి, సంబరంగా ఆయన చెయ్యి నాకింది. పట్టకారు ఇంకా దాని వేలి మీదే ఉంది.