కొండమీది ఎలుగుబంటి కథ

బాలసాహిత్యం పరిచయ కోర్సు మొదటి రోజునే నేను నోట్సు రాయించే మాట ఒకటుండేది: కథ పిల్లలకు తెలిసిన చోట జరగాలి. హిందూపురం టీచరు ట్రైనింగు కాలేజీలో ఏళ్ళ తరబడి అదే రాయించాను. అడవి తీసేసి మీ ఊరి కొండ పెట్టండి, అప్పుడు చూడండి తమాషా, అని గొప్పలు పోయేదాన్ని. ఆ తమాషా ఏంటో నాకు పెనుకొండలో తెలిసింది.

ఆ రోజు నా విద్యార్థులను అక్కడి ఒక ప్రాథమిక పాఠశాలకు తీసుకుపోయాను. కథ ఎట్లా చెప్పాలో చూపించడానికి రెండో తరగతి పిల్లల ముందు నేనే కూర్చున్నాను. కథేమిటంటే, కరువులో ఒక ఎలుగుబంటి, దాని పిల్ల, రెండూ ఆకలికి ఏడుస్తుంటాయి.

"యాడుండాయి మేడం అవి?" అని ముందు వరుసలోని పాప అడిగింది.

కిటికీలోంచి కొండ చూపించి, "అదిగో, ఆడనే" అన్నాను. పిల్లలంతా కళ్ళు పెద్దవి చేసుకుని అటు చూశారు. నేనేమో వెనక కూర్చున్న నా విద్యార్థుల వైపు గర్వంగా చూశాను.

మధ్యాహ్న భోజనాల తర్వాత వాళ్ళ టీచరు హాజరు పిలిస్తే ఆ పాప లేదు.

ఇంటికి మనిషిని పంపితే అక్కడా లేదు. వంటామె వచ్చి, "గుడ్డు తినకుండా చేతిలో పెట్టుకోని పోతాంటే సూసినా" అంది. కొండకే పోయుంటుందని చెప్పాను. అందరూ తలో దారిన పరుగెత్తారు.

నేను పట్టిన దారి నిండా ముళ్ళకంపలే. చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. ఆ పిల్ల తల్లి కూలికి పోయిందట, సాయంత్రానికి వస్తుందట. ఆమెకు ఏం చెప్పాలి? నీ బిడ్డ నా కథ విని పోయిందమ్మా అని చెప్పాలా? పిలుద్దామంటే ఆ పాప పేరైనా నేను అడిగి తెలుసుకోలేదు.

ఒక పెద్ద బండ దగ్గర కనిపించింది. వొలిచిన గుడ్డు బండ మీద పెట్టి, పక్కన బుద్ధిగా కూర్చునుంది. గట్టిగా పట్టుకుని లేవదీయబోతే విదిలించుకుంది.

"అది వచ్చి తినేదాకా రాను."

"ఎలుగుబంటీ లేదు, ఏమీ లేదు! నేను అల్లి చెప్పాను. అంతా అబద్ధం!" అని అరిచాను.

పాప గుడ్డు తీసుకుని, దుమ్ము ఊదేసి, తనే తినడం మొదలుపెట్టింది.

దిగి వస్తుంటే పాప చాలా ముందు గెంతుతూ పోతోంది. గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన నన్ను ఆపి, గొంతు తగ్గించి అన్నాడు. "బిడ్డను ఈడికేల తోలుకొస్తివమ్మా? నిన్న తెల్లారి ఎలుగ్గొడ్డు, పిల్లనేసుకోని, ఆ బండ కాడనే తిరగతాండె."

పరుగున పోయి పాప రెండు చేతులూ పట్టుకున్నాను.

"నిజంగానే ఉందంట తల్లీ. ఇంకెప్పుడూ ఒక్కదానివే ఈడికి రావద్దు."

మూతికి అంటిన పచ్చసొన తుడుచుకుంటూ పాప నవ్వింది.

"మళ్ళా కత చెప్తాండారా మేడం?"