సైరన్ మోగినంతసేపూ

“ఒద్దత్తా! రేపట్నుంచి ఆ మైదానానికి ఎల్లొద్దు. బొంతమీద పడ్డావు కాబట్టి సరిపోనాది. రాయిమీద పడుంటే?”

“పడలేదే. కళ్లు తిరిగి ఒరిగినాను. పడడం, ఒరగడం ఒకటేటి?”

“యోగాకెల్తే ఉన్న రోగం పోవాల గానీ కొత్తది తెచ్చుకుంటారేటి? ఆయన రానీ, సెప్తాను.”

“సెప్పుకో. ముందు పప్పు కలుపు. అడుగంటుతాది, గేసు ఊరికే రాదు.”

గట్టిగానే అన్నాను గానీ నాకు దడ పుట్టింది. కొడుకు వద్దంటే ఇక వద్దే. అప్పుడు మళ్లీ ఆ గుండె బిగుతు మొదలవుతుంది. కారణమేమీ ఉండదు. బియ్యం ఏరుతుంటే ఎవరో ఛాతీమీద కూర్చున్నట్టు ఉంటుంది. గుండె బాగానే ఉంది, ఊపిరి నెమ్మదిగా తీయడం నేర్చుకోమన్నాడు డాక్టరు. మా రైల్వే ట్రాఫిక్ కాలనీ మైదానంలో ఒక బెంగాలీ దీదీ పొద్దున్నే నేర్పుతుందంటే చేరాను. చాప కొనమన్నారు. పాత బొంత ఉండగా చాప దేనికి? కొన్నాళ్లకు బిగుతు సడలింది. రాత్రి నిద్ర పట్టింది.

అయితే ఆ పొద్దున ఊపిరి లోపలికి తీసేసరికి వర్క్‌షాపు సైరన్ మోగింది. అంతే, బిగబట్టేశాను. “మాషీమా, రోకో మత్, ఛోడో!” అని దీదీ అరుస్తోంది. ఊపిరి ఆపొద్దు, వదలమంటోందని తెలుసు. వదల్లేకపోయాను. మోత ఆగేలోపే కళ్లు చీకట్లు కమ్మాయి.

నా భర్త ఆ వర్క్‌షాపులో ఫిట్టరు. సైరన్ వేళకు మోగితే డ్యూటీ, వేళ తప్పి మోగితే ప్రమాదం. వేళ తప్పి మోగిన రోజున ఆడవాళ్లందరం వీధిలోకి వచ్చి, ఎవరి మనిషో తెలిసేదాకా అలాగే నిలబడేవాళ్లం. ఆయనకు ఏమీ కాలేదు. రిటైరయ్యాక మంచంమీదే పోయాడు. ఇప్పుడు కొడుకు అక్కడే పనిచేస్తున్నాడు.

ఇదంతా కోడలికి చెప్పాలనిపించలేదు. చెబితే ఇంకో మాట అంటుంది. ఇద్దరం మొహాలు ముడుచుకుని ఉండగానే సాయంత్రం సైరన్ మోగింది.

కోడలి చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది. భుజాలు పైకి లేచి ఉన్నాయి, ముక్కుపుటాలు కదలడం లేదు. చూపు గోడమీది గడియారంమీద ఉంది. మోత ఆగాక, వేళకే మోగిందని చూసుకుని, పెద్దగా ఊపిరి వదిలింది.

“ఓలమ్మీ, ఊపిరి ఆపినావేటి?” అన్నాను.

“నానా? ఎప్పుడు?”

“ఇప్పుడే. నాను పొద్దున ఆపినట్టే.”

కోడలు నావైపు చూసి, తలొంచుకుని పప్పు కలపసాగింది. అప్పటికే అడుగంటింది. కొడుకు వచ్చాక కోడలు వాడికి నేను ఒరిగిన సంగతి చెప్పలేదు. మాడు వాసన గురించి మాత్రం వాడే అడిగాడు.

మర్నాడు పొద్దున నేను బొంత చంకన పెట్టుకుని బయల్దేరితే, వాడికి టిఫిన్ బాక్సు కట్టేసి కోడలు కూడా వెనకే వచ్చింది. “నువ్వు ఒరిగితే పట్టుకోడానికి” అంది. బొంత సగం దానికిచ్చాను. సైరన్ మోగింది. ఊపిరి ఆగింది. పక్కనుంచి కోడలు మోచేత్తో పొడిచింది. వదిలాను. మళ్లీ తీశాను, మళ్లీ వదిలాను. మోత ఆగేదాకా గుండె దడదడా కొట్టుకుంటూనే ఉంది. కళ్లు మాత్రం తిరగలేదు.