బిందె అడుగున తెనాలి

మొన్న ఆదివారం బాపట్లలో సెలూన్ కుర్చీలో కూర్చున్నాను. గడ్డం గీయడం అయ్యాక, సెలూన్ ఆయన పటిక ముక్కని నీళ్ళలో ముంచి నా చెంపల మీద రుద్దుతుంటే ఒక చుక్క జారి పెదవి మీద పడింది. నాలుకకి ఆ వగరు తగిలిందో లేదో, రేపల్లె అవతలున్న మా ఊళ్ళో, మా వంటింట్లో, నాయనమ్మ ఇత్తడి బిందె పక్కన ఉన్నాను. కొందరికి చిన్నతనం మల్లెపూల వాసనలోంచి గుర్తొస్తుందట, కొందరికి అమ్మ పట్టుచీర మడతల్లోంచి. నాకు గడ్డం గీయించుకుంటే గుర్తొస్తుంది. ఆ రోజుల్లో నాకు గడ్డమే లేదు.

మా ఊరు కాలువకి చివర. కృష్ణ నీళ్ళు ఎక్కడెక్కడో తిరిగి, తెనాలి మీదుగా దిగి, దారిలో అందరి పొలాలూ అందరి గేదెలూ అందరి బట్టలూ అయ్యాక, ఇంకెవరికీ అవసరం లేదని తేల్చుకుని మా దగ్గరికి వచ్చేవి. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడేవి కాబట్టి మేమూ వాటిని మర్యాదగానే చూసుకునేవాళ్ళం. ఎండాకాలమంతా నెర్రెలిచ్చిన కాలువలోనే మా క్రికెట్టు. తొలకరి రోజుల్లో ఓ మధ్యాహ్నం తడిమట్టి వాసన ముందు వచ్చేది, ఆ వెనక ఎర్రటి నురగ తోసుకుంటూ నీళ్ళు వచ్చేవి, మేం వికెట్లు పీక్కుని గట్టెక్కేవాళ్ళం. ఏ మ్యాచూ ఫలితం తేలిన పాపాన పోలేదు. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పట్టుకుని కృష్ణమ్మకి ఎదురొస్తే, కృష్ణమ్మ కంటే ముందు ఎవరిదో ఎడమకాలి చెప్పు వచ్చి ఆ పూజ అందుకునేది.

కాలువ పారినన్నాళ్ళూ లాకు గోడ మీద బారుగా కూర్చుని, చలికాలమైతే కాల్చిన తేగలు నములుతూ, మేం ఆడే ఆట ఒకటుండేది. నీళ్ళలో కొట్టుకొచ్చిన వస్తువు ఏ ఊరిదో చెప్పాలి. అరిటి డొప్పలు వరసగా వస్తే ఎగువన పెళ్ళి. చేమంతి దండ వస్తే తెనాల్లో కాలువగట్టున ఉండే మా మామయ్య పూజ ముగించుకుని కాఫీకి కూర్చున్నట్టు. వినాయకచవితి వెళ్ళిన వారంలో అయితే ఊరూరి పత్రీ కలిసి వచ్చేది, అప్పుడు ఆట రద్దు. ఇదంతా చదువని మాకెవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే మానేసేవాళ్ళం.

నాయనమ్మకి నీళ్ళు తేర్చడం వంటకంటే పెద్ద విద్య. సాయంత్రం, కాలువతో నింపే ఊరి చెరువు నీళ్ళు బిందెలో పోసి, దారానికి కట్టిన పటికని దించి, సవ్యంగా మాత్రమే తిప్పేది. ఎడమ వైపు తిప్పితే నీళ్ళకి కోపం వస్తుందట. సైన్సు ఈ విషయం మీద ఇంతవరకూ నోరు విప్పలేదు. తెల్లారేసరికి మట్టంతా అడుగుకి దిగేది. పైనున్న తేటని పాత పంచె గుడ్డలో వడకట్టి, అడుగు మడ్డిని కరివేపాకు చెట్టుకి పోసేది. దేశంలో సగం కొండల మట్టి తిని పెరిగిన చెట్టది. మా పులుసుకి ఆ రుచి ఊరికే రాలేదు.

ఇంత చేసినా ఎండాకాలం వస్తే ఊళ్ళో కడుపు నొప్పులూ వాంతులూ తప్పేవి కావు. వేసవికి కాలువ కట్టేసేముందు మంచినీళ్ళ చెరువుని ఆఖరిసారి నింపేవాళ్ళు. ఆ నింపిన నీళ్ళే వానలదాకా. ఒక వేసవిలో మా చెల్లి చిన్నిని రేపల్లె ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. అది కళ్ళు తేలేసిన ఆ సాయంత్రం నాన్న ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. చిన్ని మాత్రం తర్వాత ఆ ప్లాస్టరు మచ్చ చూపించి, తనొక్కదానికే వచ్చిన క్రీం బిస్కెట్ల గురించి ఏడాది పొడుగునా చెప్పుకుంది.

ఆ మరుసటి ఏడు నేను ఏడో తరగతి. తెనాలి నుంచి రోజూ రైల్లో రేపల్లె దిగి బస్సులో వచ్చే విజయకుమారి టీచర్ మాకు సైన్సు చెప్పేవారు. పాఠం పేరు పరీవాహక ప్రాంతం. పుస్తకంలో ఒక కొండ, కొండ మీంచి దిగే వాగులు. మాలో కొండని చూసినవాడు లేడు. మా ఊళ్ళో ఎత్తైనది ప్రెసిడెంటు గారి గడ్డివామి. టీచర్ పుస్తకం మూసేసి, బడి గోడ కట్టడానికి తోలిన ఇసకని గుట్ట చేయించి, దాని మీద అక్కడక్కడా బట్టలకి పెట్టే నీలంపొడి చల్లి, చెంబుతో నీళ్ళు పోశారు. నీలమంతా గీతలు గీతలుగా దిగి కింద గుంటలో చేరింది.

"ఈ గుంట ఏ ఊర్రా?" అన్నారు.

"మనదేనండి," అన్నాను నేను. "కాకపోతే మాకు ఇంత మంచి రంగు రాదండి."

టీచర్ ఊరికే చెప్పి వదిలే మనిషి కాదు. చెరువు నింపే పిల్లకాలువలో ప్రెసిడెంటు గారి గేదెలు పొద్దస్తమానం దొర్లుతాయి. ఆఖరిసారి నింపే రోజుల్లోనైనా వాటిని వేరే చోటికి తోలించమని ఆవిడ అప్పటికే అడిగారు. ఆయన మీసం దువ్వుకుని, "ఆ నీళ్ళు మురికని రుజువు చూపించండి టీచరుగారూ, తోలించేస్తా," అన్నారు. అందుకని ఆదివారం పంచాయతీ అరుగు మీద చూపించడానికి, మమ్మల్నందర్నీ ఇంట్లో తాగే చెరువు నీళ్ళు ఒక్కో సీసా తెమ్మన్నారు. అక్కడే పని చెడింది.

సంగతి వినగానే నాయనమ్మ నడుం బిగించింది. "టీచరమ్మ మనింటి నీళ్ళు ఊరందరికీ చూపిస్తుందా? బురద నీళ్ళు పంపిస్తే ఏమనుకుంటార్రా? పరువుండొద్దూ?" రెండుసార్లు పటిక తిప్పి, మూడు మడతల గుడ్డలో వడకట్టి, కాచి, చల్లార్చి పంపింది. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఒక నాయనమ్మో అమ్మో ఇదే ఆలోచించింది. ఆదివారం అరుగు మీద పెట్టిన సీసాలు ఎండలో వజ్రాల్లా మెరిశాయి. ఒకదాంట్లో తులసాకు, ఇంకోదాంట్లో రెండు యాలక్కాయలు. ఒకడి సీసా మూతకి బొట్టు కూడా పెట్టారు.

ప్రెసిడెంటు గారు ఒక సీసా ఎత్తి, వెలుతురుకి పెట్టి చూసి, పొట్ట కదిలేలా నవ్వారు. "ఏంటండీ టీచరుగారూ! ఇంత తేట నీళ్ళు మీ తెనాల్లో కూడా ఉండవు కదండీ! మా గేదెలు దొర్లితే ఇంత శుభ్రమవుతాయని నాకే తెలీదు సుమండీ!"

జనం గొల్లుమన్నారు. నాలుగు రోజుల్లో చెరువు నింపుతారు. చిన్ని నా పక్కనే నిలబడి ముక్కు ఎగపీలుస్తోంది.

టీచర్ ఎర్రబడ్డ మొహంతో తులసాకు సీసా ఎత్తి చూశారు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, జనంలో ముందు నిలబడ్డ నాయనమ్మ వైపు మెల్లగా తిరిగారు.

"మామ్మగారూ, మా తెనాల్లో పంపు నీళ్ళు కూడా ఇంత తేటగా ఉండవండి. ఎలా చేస్తారో కాస్త చెప్పరూ?"

అంతే. నాయనమ్మ కొంగు దోపుకుంది. "ఏముందమ్మాయ్, చేతిలో ఉంటుంది. నా బిందె అడుగున ఎంత దిగుతుందో చూస్తే నువ్వే చెప్తావు. ఒరే, పరిగెత్తి ఆ బిందె పట్రా!" నేను తెచ్చిన బిందె అడుగున నాలుగు వేళ్ళ మందాన నల్లటి మడ్డి. "ఇదంతా నేను తీసిందే!" అంది నాయనమ్మ, పతకం చూపించినట్టు.

పక్కింటి సుబ్బులు పిన్ని ఊరుకుంటుందా? "ఆ మాత్రానికే? మా ఇంట్లో గంగాళం అడుగు చూడండి ముందు!" అంటూ ఇంటికి పరుగెత్తింది. ఆ వెనకే ఇంకొకరు. కాసేపటికి అరుగు మీద బిందెలూ తపేలాలూ బారులు తీరాయి, ఎవరి మడ్డి ఎక్కువన్న దాని మీద గొడవ మొదలైంది, సీసాల సంగతి జనం మర్చిపోయారు. చివర్లో ప్రెసిడెంటు గారి భార్య, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, అందరికంటే పెద్ద బిందె ఇద్దరి చేత మోయించుకుని వచ్చారు. ఊళ్ళోకెల్లా శుభ్రం పాటించే ఇల్లు కదా, మడ్డి కూడా ఊళ్ళోకెల్లా ఎక్కువే. ఆవిడ వేలితో కెలికి, పొడుగాటి నల్ల వెంట్రుక ఒకటి పైకి తీశారు.

"ఏవండీ, ఇది మన గేదెదే కదండీ?"

ప్రెసిడెంటు గారు మీసం మీంచి చెయ్యి తీసేశారు. మర్నాటి నుంచి గేదెలు ఊరవతల గుంటకి మారాయి. వాటికేమీ పట్టలేదు, అవమానమంతా ఆయనే పడ్డారు. తేటగా ఉన్నంత మాత్రాన మంచినీళ్ళు అయిపోవనీ, కాచి తాగాలనీ కూడా టీచర్ ఆ పూటే నాయనమ్మ చేత, నాయనమ్మకే ముందు నుంచీ తెలిసినట్టుగా, అందరికీ చెప్పించారు. ఆ వేసవి చిన్ని ఆసుపత్రి మెట్లెక్కలేదు. అందువల్ల క్రీం బిస్కెట్లు రాలేదు. దాంతో టీచర్ మీద అది చాన్నాళ్ళు అలిగింది.

ఇప్పుడు నేనూ బాపట్లలో ఏడో తరగతికి సైన్సు చెప్తున్నాను. మొన్న శుక్రవారం అదే పాఠం వచ్చింది. పిల్లల్ని ఇంటి నుంచి నీళ్ళు తెమ్మంటే అందరూ తెచ్చారు, అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నీ ఒకే వాటర్ ప్లాంటు టిన్నులోవి. తులసాకు లేదు, యాలక్కాయ లేదు, ఎవరి అమ్మ పరువూ ఆ సీసాల్లో లేదు. "ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయిరా?" అన్నాను. మొదటి బెంచీ పిల్ల చెయ్యెత్తి ధీమాగా చెప్పింది: "ఆటోలోంచండి."

తప్పని ఎలా అంటాను? మా ఊళ్ళో నాయనమ్మ బిందె అటకెక్కింది, లాకు గోడ మీద పిల్లలు లేరు, నెలకోసారి వెళ్ళే నేనూ ఆ టిన్ను నీళ్ళే తాగుతున్నాను. కడుపు నొప్పులు తగ్గాయి, అది మంచిదే. కానీ టిన్నుకి అడుగున ఏమీ మిగలదు. ఎగువన ఎవరున్నారో చెప్పడానికి ఒక చెప్పయినా రాదు.

"అయిపోయింది సార్," అన్నాడు సెలూన్ ఆయన.

"ఆ పటిక ముక్కొకటి ఇస్తారా? రేపు మా ఏడో తరగతి పిల్లలకి క్లాసులో కావాలి. కాలువ నీళ్ళు ఒక బిందెడు పట్టుకెళ్తున్నాను."

ఆయన అద్దంలోంచి నన్ను అనుమానంగా చూశాడు.

"ఏడో తరగతికే గడ్డాలొస్తున్నాయా సార్?"