అడిగితినా, వింటినా

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్‌కు వెళ్లే బస్సులో ఆ రోజు కిటికీ పక్కనే కూర్చున్నా నాకు గాలి ఆడలేదు. సాత్తూరు దాటేసరికి చేతులు చల్లబడ్డాయి. అది భయమే. దానికి ఇంకో పేరు పెట్టడం నాకు చేతకాదు.

వెళ్తున్నది విరుదునగర్‌లోని ఒక సంస్థ మీటింగుకు; మెట్ట రైతులకూ, మాలాంటి ఆడవాళ్ల సంఘాలకూ అప్పులిచ్చే సంస్థ అది. లాభాలు పంచుకునేది కాదు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఆడవాళ్లు నన్ను దాని బోర్డులోకి పంపారు. ఉన్న మంచి చీర కట్టుకుని వెళ్లడం, బిస్కెట్లు తినడం, గంగిరెద్దులా తల ఊపి రావడం, రెండేళ్లుగా నేను చేసిన ఘనకార్యం ఇదే. నా కూతురు అదే ఆఫీసులో గుమాస్తా. బోర్డు మీటింగుల మినిట్స్ తనే రాస్తుంది. తన ఉద్యోగాన్ని ఏటేటా పొడిగించే సంతకం మేనేజింగ్ డైరెక్టరుది. మా ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది.

అంతకుముందు మీటింగులో ఆ డైరెక్టరు జీతం పెంచే కాగితం వచ్చింది. తన జీతం సంగతి వచ్చినప్పుడు ఆ మనిషి గదిలో ఉండకూడదని మాకు శిక్షణలో చెప్పారు. ఆయన మాత్రం బోర్డు అధ్యక్షుడి పక్కనే కూర్చుని తీరిగ్గా టీ తాగుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈ పెంపు ఎవరు నిర్ణయించారు, ఎవరి జీతంతో పోల్చి చూశారు అని తమిళంలో అడిగేశాను. వివరాలు పంపిస్తామమ్మా అని అధ్యక్షుడు నవ్వి పక్క అంశానికి వెళ్లిపోయాడు. వివరాలు రాలేదు. మినిట్స్ నకలు వచ్చింది.

అందులో నా గురించి "వివరం కేట్టార్" అని ఉంది. దాని కిందే, ఏకగ్రీవంగా ఆమోదించారని ఉంది. తమిళంలో అడిగారన్నా విన్నారన్నా కేట్టార్ అనే ఒకటే మాట. నేను వివరం అడిగానని చదవొచ్చు, వివరం విన్నానని కూడా చదవొచ్చు. కింద ఆమోదం కనిపిస్తుంటే ఎవరైనా రెండోదే చదువుతారు. మేం ఇంట్లో మాట్లాడే తెలుగులో ఈ తిరకాసు లేదు. ఆ మాట ఏరి పెట్టింది నా కూతురే. ఎందుకలా రాశావని బస్సెక్కే ముందు రాత్రి అడిగితే, తను అన్నం కలుపుతూనే ఉంది.

"అమా, రేపు ఊరికే కూచో. ఈ నెలే నా వేల పొడిగించాల," అంది. మా ఇంట్లో వేల అంటే ఉద్యోగం. నాకు కోపం రావాల్సింది, రాలేదు. నా భయమూ అదే.

మీటింగులో మినిట్స్ పుస్తకం సంతకాలకు తిరిగి చివరికి నా దగ్గరికొచ్చింది. అందరూ పెట్టేశారు. డైరెక్టరు నా వైపే చూస్తున్నాడు. పెన్ను పట్టుకున్నాను. శుక్రవారం సంఘంలో నన్ను పంపిన ఆడవాళ్ల మొహాలు ఎలా చూడాలి? నేను అడిగాను, ఒప్పుకోలేదు, ఇది తప్పుగా ఉంది అన్నాను.

అయితే రాసిన అమ్మాయినే అడుగుదాం అన్నాడు అధ్యక్షుడు. పిల్లను నా చేతులతో నేనే ముందుకు తోసినట్టయింది.

తను లేచి నిలబడింది. డైరెక్టరును చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ ఆఫీసులో మేమెప్పుడూ మాట్లాడని మా ఇంటి తెలుగులో అడిగింది.

"అమా, నువ్వు అడిగితివా, వింటివా?"

విన్నానంటే తన ఉద్యోగం నిలుస్తుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"అడిగితిని," అన్నాను.

తను వివరం అన్న మాట కొట్టేసి కేళ్వి అని రాసింది. అంటే ప్రశ్న; కేళ్వి కేట్టార్ అంటే ప్రశ్న అడిగారనే. ఇక దాన్ని ఎవరూ ఇంకోలా చదవలేరు. ఏకగ్రీవం అన్న మాట కూడా కొట్టేసింది. అప్పుడు సంతకం పెట్టాను. ఆమోదం నిలవక జీతం కాగితం తర్వాతి మీటింగుకు వాయిదా పడింది.

నెల దాటిపోయింది. తన పొడిగింపు కాగితం ఇంకా రాలేదు. రోజూ సాయంత్రం తను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే మొహం చూస్తాను. వచ్చిందా అని అడగను. బోర్డులో అంత అడిగినదాన్ని, ఇంట్లో ఆ ఒక్క మాట అడగడానికి ధైర్యం చాలడం లేదు, వినడానికి అసలే లేదు.